మోసం అన్న మాటకు గడువు ఉందా?

(న్యూయార్క్ నగరం క్వీన్స్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక టీ దగ్గర ఒక తమ్ముడు నన్ను ఆపాడు. మూడు నెలల కింద సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ఇంకో కారు గుద్దిందట. మెడ పట్టేసింది, ఫిజియోథెరపీకి వెళ్తున్నాడు. ఇప్పుడు బీమా కంపెనీ లాయర్ల నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా రోజు మా ఆఫీసుకు వచ్చి, ప్రమాణం చేసి, మేం అడిగినవాటికి జవాబులు చెప్పండి అని. "అక్కా, నేనేం తప్పు చేశానని పిలుస్తున్నారు? వెళ్తే ఇరుక్కుంటానేమో, మానేస్తే పోలా?" అన్నాడు. తమ్ముడూ, ఆ ఉత్తరం జేబులోనే ఉంచు. చివర్లో దాని దగ్గరికే వస్తాను.

ఈ రాష్ట్రంలో నో-ఫాల్ట్ చట్టం 1973లో చేశారు, 1974 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. తప్పు ఎవరిదన్న పంచాయితీ తేలకముందే గాయపడ్డవాడికి వైద్యం అందాలన్నది దాని ఉద్దేశం. మీరు కూర్చున్న కారుకు బీమా ఇచ్చిన కంపెనీయే, తప్పు ఎవరిదైనా సరే, మీ వైద్యం ఖర్చు కట్టాలి. మామూలు పాలసీలో మనిషికి 50,000 డాలర్ల దాకా. పనికి వెళ్లలేకపోతే జీతంలో 80 శాతం, నెలకు 2,000 డాలర్లు మించకుండా, అదీ ఆ మొత్తంలోంచే వస్తుంది. దీనికి బదులుగా మనం ఒకటి వదులుకున్నాం. నొప్పికీ బాధకీ పరిహారం కావాలని దావా వేయాలంటే, చట్టం చెప్పిన స్థాయి తీవ్ర గాయం అయ్యుండాలి. చిన్న గాయాలకు ఆ దారి లేదు.

అంటే ఇది ఒక ఒప్పందం. కోర్టు హక్కు కొంత ఇచ్చేశాం, ప్రతిగా త్వరగా డబ్బు అందుతుందన్న మాట పుచ్చుకున్నాం. ఆ 'త్వరగా' అన్నదానికి చట్టం ఒక లెక్క పెట్టింది. బిల్లు, దానికి కావలసిన రుజువు అందిన 30 రోజుల్లో కంపెనీ కట్టాలి, లేదా కట్టనని కారణంతో రాసి పంపాలి. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ, పైన లాయరు ఫీజు. మన ఊళ్లో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేసి ఎదురుచూసిన కుటుంబాలను మీరూ చూసుంటారు. వాళ్లను గుర్తు చేసుకుంటే ఈ 30 రోజుల విలువ తెలుస్తుంది.

త్వరగా డబ్బు వచ్చే చోటికి దొంగలు కూడా త్వరగా వస్తారు. ఈ రాష్ట్ర బీమా శాఖకు అందిన నో-ఫాల్ట్ మోసం ఫిర్యాదులు 1992లో 489. 2000 నాటికి అవి 9,191. ఈ అంకెలు 2003లో మన రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, కోర్ట్ ఆఫ్ అప్పీల్స్, తన తీర్పులోనే రాసుకుంది. అందుకే 2002లో నిబంధనలు బిగించారు. ప్రమాదం జరిగిందని కంపెనీకి రాతపూర్వకంగా తెలపడానికి అంతకుముందు 90 రోజులుండేది, 30 చేశారు. డాక్టరు బిల్లు పంపడానికి 180 రోజులుండేది, 45 చేశారు. డాక్టర్ల సంఘం దాన్ని సవాలు చేసింది, ఓడిపోయింది. ఆ తీర్పే నేను చెప్పింది.

ఈ మోసం ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది తెలియకుండానే అందులో ఒక పావుగా నిలబడుతున్నారు. ప్రమాదం జరిగిన మర్నాడు ఒక ఫోన్ వస్తుంది. మీ పేరు, మీ కారు, ఎక్కడ గుద్దారు, అన్నీ వాళ్లకు తెలుసు. "మంచి క్లినిక్ ఉంది, మీకు పైసా ఖర్చు ఉండదు, కారు పంపిస్తాం" అంటారు. వాళ్లకు మీ నంబరు ఎలా వచ్చింది? 2022 జనవరిలో ఇక్కడి ఫెడరల్ ప్రాసిక్యూటర్లు పెట్టిన ఒక పెద్ద కేసులో ఆరోపణే అది. 911 అనే అత్యవసర సహాయ నంబరులో ఫోన్లు తీసేవాళ్లకు, ఆసుపత్రి సిబ్బందికి లంచాలిచ్చి ప్రమాద బాధితుల వివరాలు కొన్నారని. ఆ కేసులో చెప్పిన మొత్తం 10 కోట్ల డాలర్లు. అంతకు పదేళ్ల ముందు, 2012 ఫిబ్రవరిలో, 36 మంది మీద పెట్టిన కేసులో మొత్తం 27.9 కోట్ల డాలర్లకు పైనే. వాళ్లలో పదిమంది డాక్టర్లు.

ఆ క్లినిక్‌లో మెడ నొప్పికీ మోకాలి నొప్పికీ ఒకటే వైద్యం. వారానికి నాలుగు రోజులు రమ్మంటారు. నడుము పట్టీ, మెడ పట్టీ, కరెంటు షాక్ ఇచ్చే చిన్న పెట్టె ఒక సంచీలో పెట్టి ఇస్తారు. ఒక్కోసారి సంచీ రాదు, బిల్లు మాత్రం వెళ్తుంది. మీతో ఒకేసారి పది కాగితాల మీద సంతకాలు పెట్టిస్తారు. కొన్ని ఖాళీవి.

ఇంకో రకం ఉంది, అది ప్రాణాలు తీస్తుంది. కావాలనే కారు గుద్దడం. 2003లో ఈ క్వీన్స్‌లోనే 71 ఏళ్ల పెద్దావిడ తన కారు తాను నడుపుకుంటూ వెళ్తుంటే, బీమా డబ్బు కోసం నాటకం ఆడినవాళ్లు గుద్దారు. ఆమె కారు అదుపు తప్పింది, ఆమె చనిపోయారు. ఆమె పేరు మీద ఆలిస్ చట్టం రావడానికి 2019 దాకా పట్టింది. కావాలని ప్రమాదం సృష్టించడం ఇప్పుడు ఈ రాష్ట్రంలో ప్రత్యేకమైన పెద్ద నేరం. బీమా మోసమంటే కంపెనీ డబ్బే కదా పోయేది అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఆవిడే గుర్తుకొస్తారు.

ఇప్పుడు అసలు విషయం. కంపెనీ 'ఇందులో మోసం ఉంది, కట్టం' అంటే ఏమవుతుంది? నేను మొదట్లో కొన్నేళ్లు బీమా కంపెనీల తరఫున పనిచేశాను, ఆ తర్వాత రోగులు, డాక్టర్ల తరఫున. రెండు వైపులా నిలబడి నేను నేర్చుకున్నది ఒకటే. మోసం అన్న మాట ఒక్కటి చాలదు. ఏ మోసం, ఎవరు చేసిన మోసం, ఆ మాట ఎన్నో రోజున చెప్పారు? ఈ మూడూ తేలాకే డబ్బు సంగతి తేలుతుంది.

1997లో రెండు తీర్పులు వచ్చాయి. మొదటిది ప్రెస్బిటేరియన్ హాస్పిటల్ కేసు. డ్రైవరు తాగి ఉన్నాడు, కాబట్టి పాలసీ వర్తించదు అన్నది కంపెనీ వాదన. వాదన గట్టిదే, కానీ 30 రోజులు దాటాక చెప్పారు. కోర్టు ఒప్పుకోలేదు. గడువు దాటితే ఆ వాదన చేసే హక్కే పోయిందంది. రెండోది సెంట్రల్ జనరల్ హాస్పిటల్ కేసు. అందులో కోర్టు ఒక మినహాయింపు చెప్పింది. అసలు ఈ గాయానికీ బీమా ఉన్న ప్రమాదానికీ సంబంధమే లేదు అని కంపెనీ చూపగలిగితే, ఆ వాదనకు గడువు లేదు. ఆలస్యమైనంత మాత్రాన లేని పాలసీ పుట్టుకురాదు కదా. కానీ వైద్యం ఎక్కువ చేశారు, అవసరం లేనిది చేశారు అనే వాదనకు గడువు ఉంది.

ఈ గీత ఎంత కఠినమైనదో 2008లో తెలిసింది. ఫెయిర్ ప్రైస్ మెడికల్ సప్లై అనే కేసు. వైద్య సామాన్లు ఇచ్చామని ఒక దుకాణం బిల్లు పంపింది. కంపెనీ పరిశోధకులు రోగిని అడిగితే ఆ సామాన్లు నాకసలు అందలేదన్నాడు. కంపెనీ మాత్రం బిల్లు నిరాకరించడానికి దాదాపు రెండేళ్లు తీసుకుంది. కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ ఏమందంటే, ప్రమాదం నిజం, గాయం నిజం, పాలసీ నిజం. బిల్లు దొంగదే కావచ్చు, కానీ అది కవరేజీ ప్రశ్న కాదు, అంటే అసలు బీమా వర్తిస్తుందా లేదా అన్న ప్రశ్న కాదు. గడువు దాటింది, కట్టండి అంది.

మొదటిసారి ఆ తీర్పు చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇవ్వని నడుము పట్టీకి డబ్బు కట్టడమేంటి? తర్వాత రోగుల పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది, గడువు లేకపోతే ప్రతి బిల్లూ ఏదో ఒక అనుమానం కింద ఏళ్ల తరబడి పడి ఉంటుందని. అయినా ఆ తీర్పు ఫలితం నచ్చక రాష్ట్రమే నిబంధన మార్చింది. 2013 ఏప్రిల్ 1 నుంచి, అసలు చేయని వైద్యానికి, నిర్ణీత ఫీజు కంటే ఎక్కువ వేసిన మొత్తానికి ఏ పరిస్థితిలోనూ కట్టక్కర్లేదు. సరైన మార్పే అని నా అభిప్రాయం. చేయని వైద్యానికి బిల్లు వేసేవాడికి గడువు రక్షణ కాకూడదు. చేసిన వైద్యం అవసరమా కాదా అన్న వాదన మాత్రం ఇప్పటికీ గడువులోపలే చెప్పాలి.

ఈ హాలులో డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. తర్వాతి మాట మీకోసం.

2005లో స్టేట్ ఫార్మ్ అనే బీమా కంపెనీ కేసులో, స్టేట్ ఫార్మ్ వర్సెస్ మల్లెల అనే తీర్పు వచ్చింది. పేరు వినగానే కొందరు తలెత్తారు, మన ఇంటిపేరులాగే వినిపిస్తుంది. ఆ వ్యక్తి గురించి నేనేమీ చెప్పడం లేదు. ఆ తీర్పు కూడా ఎవరు దోషి అని తేల్చలేదు. ఆరోపణలు నిజమే అనుకుంటే చట్టం ఏమంటుంది అన్న ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పింది. ఈ రాష్ట్రంలో వైద్య కార్పొరేషన్‌కు లైసెన్సున్న డాక్టర్లే యజమానులుగా ఉండాలి. ఆరోపణ ఏంటంటే, డాక్టర్లు కానివాళ్లు డబ్బిచ్చి డాక్టర్ల పేర్లు కాగితాల మీద వాడుకున్నారు, నడిపించింది మాత్రం తామే. మేనేజ్‌మెంట్ ఫీజుల పేరుతో లాభమంతా తమవైపు లాక్కున్నారు. కోర్టు చెప్పిందేంటంటే, అలాంటి కార్పొరేషన్‌కు నో-ఫాల్ట్ డబ్బు రాదు. వైద్యం నిజంగా జరిగినా సరే, లైసెన్సున్న మనిషే చేసినా సరే. లైసెన్సు కాగితం గోడకు తగిలించి ఉంది కాబట్టి అడగకూడదు అనే వాదన చెల్లదు. బీమా కంపెనీ దాని వెనక్కి తొంగి చూడవచ్చు.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది, కంపెనీల లాయర్లు దాన్ని తక్కువగా చదువుతారు. వార్షిక సమావేశం పెట్టలేదు, ఫైలింగ్ ఫీజు కట్టలేదు, కాగితం ఆలస్యంగా ఇచ్చారు, ఇలాంటి సాంకేతిక లోపాలు మోసం స్థాయికి రావని కోర్టు స్పష్టంగా రాసింది. మోసం విచారణ పేరు చెప్పి ఊరికే చెల్లింపు ఆపడానికి వీల్లేదు, తగిన కారణం ఉండాలంది.

2019లో కారదర్స్ కేసు దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లింది. ఒక రేడియాలజిస్టు పేరు మీద ఎంఆర్ఐ కేంద్రాలు. యంత్రాలు అద్దెకిచ్చింది డాక్టరు కాని వ్యక్తి, అద్దె మార్కెట్ ధర కంటే చాలా ఎక్కువ. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో జ్యూరీ చూసింది, కంపెనీ గెలిచింది. మోసం చేయాలన్న ఉద్దేశాన్ని పాత పద్ధతిలో విడిగా రుజువు చేయక్కర్లేదని కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ అంది. లైసెన్సు లేనివాళ్లు కార్పొరేషన్‌ను తమ గుప్పిట్లో పెట్టుకుని నడిపారని తేలితే చాలు.

రెసిడెన్సీ అయిపోయి అప్పులు నెత్తి మీద ఉన్న వయసులో ఎవరో వచ్చి, "డాక్టరు గారూ, మీరు వారానికి ఒక్కరోజు వస్తే చాలు, మిగతా అంతా మేం చూసుకుంటాం" అంటారు. బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరిది, ఉద్యోగుల్ని తీసేది ఎవరు, అద్దె ఎవరు నిర్ణయించారు, బిల్లులు మీరు చూశారా? ఈ నాలుగింటికీ జవాబు మీ దగ్గర లేకపోతే మీ పేరు అద్దెకిచ్చినట్టే. మీ లైసెన్సు కోసం మీ అమ్మానాన్నలు ఏం అమ్ముకున్నారో మీకు తెలుసు. దయచేసి ఆ సంతకం పెట్టకండి.

కావాలని గుద్దిన కారు సంగతికి మళ్లీ వస్తాను. అది ప్రమాదం కాదు, పథకం. కాబట్టి కవరేజీ లేదన్న వాదన, దానికి 30 రోజుల గడువు వర్తించదు. అయితే కంపెనీ అనుమానం ఉందంటే సరిపోదు. పాలసీ కొని ఎన్ని రోజులైంది, కార్లో ఎవరెవరున్నారు, వాళ్లు పోలీసులకు ఒకటి, కంపెనీకి ఇంకొకటి చెప్పారా, ఇలాంటి వాస్తవాల మీద నిలబడాలి. మరి ఏమీ తెలియకుండా దెబ్బ తిన్న మనిషి సంగతి? 2011లో లాంగన్ కేసులో, ఒకడు కావాలని కారుతో గుద్ది చంపిన మనిషి కుటుంబం తమ సొంత పాలసీ కింద డబ్బు అడిగింది. గుద్దినవాడి వైపు నుంచి అది ఉద్దేశపూర్వకమే. కానీ దెబ్బ తిన్నవాడి వైపు నుంచి చూస్తే అది ప్రమాదమే అని కోర్టు కుటుంబం పక్షాన చెప్పింది. ఎవరి కళ్లతో చూడాలన్న ప్రశ్నకు ఇంత న్యాయంగా జవాబిచ్చిన తీర్పు ఈ రంగంలో నాకు ఇంకోటి కనిపించలేదు.

చిన్న విషయం ఒకటి, కానీ మనవాళ్లలో ఎక్కువ. ప్రీమియం తక్కువని కారును వేరే ఊళ్లో, వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితుడి అడ్రస్ మీద పెట్టడం. అది పాలసీ తీసుకునేటప్పుడు చెప్పిన అబద్ధం. న్యూయార్క్ పాలసీ అయితే కంపెనీ దాన్ని వెనక్కి వెళ్లి మొదటి రోజు నుంచీ రద్దు చేయడానికి వీల్లేదు, కానీ ఆ అబద్ధం చెప్పిన మనిషికి డబ్బు ఇవ్వనని వాదించవచ్చు. కొన్ని ఇతర రాష్ట్రాల పాలసీలకు ఆ రక్షణ కూడా లేదు. నెలకు మిగిలే కొన్ని డాలర్ల కోసం 50,000 డాలర్ల వైద్యాన్ని పందెంలో పెట్టకండి.

ఇక తమ్ముడి ఉత్తరం. దాన్ని ఈయూఓ అంటారు, ప్రమాణం మీద చేసే విచారణ. పిలిచినంత మాత్రాన నిన్ను దొంగ అన్నట్టు కాదు. చాలాసార్లు వాళ్ల అనుమానం నీ మీద కాదు, నీ క్లినిక్ మీద. అయినా ఊరికే పిలవడానికి వాళ్లకు హక్కు లేదు, నిర్దిష్టమైన కారణం ఉండాలని నిబంధన చెబుతుంది. నీకు అనువైన సమయం, చోటు ఇవ్వాలి. ఆ రోజు పోయిన జీతం, దారి ఖర్చు కంపెనీయే ఇవ్వాలి. ఇది చాలామందికి తెలియదు, అడగరు.

మానేస్తే ఏమవుతుందో విను. మాన్‌హాటన్, బ్రాంక్స్ మీద అధికారం ఉన్న అప్పీలు కోర్టు 2011లో ఒక తీర్పు ఇచ్చింది. కంపెనీ అడిగిన వైద్య పరీక్షకు రాకపోవడం పాలసీ షరతునే ఉల్లంఘించడం, కాబట్టి కవరేజీ మొదటి నుంచీ లేనట్టే, నిరాకరణ ఆలస్యమైనా కంపెనీకి నష్టం లేదు అని. ఈయూఓకి కూడా తర్వాత అదే వర్తింపజేశారు. క్వీన్స్, బ్రూక్లిన్ ఉన్న రెండో అప్పీలు కోర్టు అలా అనదు, గడువులోపల నిరాకరించి తీరాలంటుంది. నది దాటితే చట్టం మారుతోంది. గాయపడ్డ మనిషి ఈ తేడా మీద ఆధారపడి ఇంట్లో కూర్చోవడం చాలా ప్రమాదం.

ఇంకో కాగితం ఉంది. క్లినిక్‌లో మొదటి రోజు నువ్వు సంతకం పెట్టిన ఏఓబీ. నాకు రావలసిన బీమా డబ్బు డాక్టరుకే ఇవ్వండి అనే బదిలీ పత్రం. దాని ప్రకారం మామూలుగా డాక్టరు నిన్ను డబ్బు అడగడు. కానీ అందులోనే ఒక వాక్యం ఉంది. నీ ప్రవర్తన వల్ల పాలసీ షరతు ఉల్లంఘన జరిగి డబ్బు రాకపోతే, డాక్టరు ఆ బదిలీని రద్దు చేసుకోవచ్చు. అంటే బిల్లు తిరిగి నీ ఇంటికే వస్తుంది. నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చారు, కొడుకు దగ్గరికి వచ్చి ఉండగా ప్రమాదం. ఇంగ్లిష్ ఉత్తరాలు రెండు వచ్చాయి, ఏవో ప్రకటనలనుకుని పక్కన పడేశారు. చేతికి నిజంగా ఆపరేషన్ అయిన మనిషి, ఒక్క అబద్ధం చెప్పని మనిషి. ఆయన మీద ఆసుపత్రి బిల్లు పడింది. దాన్ని తగ్గించడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది.

కంపెనీ నిరాకరణ పంపితే, ఎన్ఎఫ్-10 అనే ఫారం, అందులో కారణం స్పష్టంగా రాయాలి. ఒకసారి ఒక కంపెనీ నా క్లయింటుకు పంపిన దాంట్లో 'వాస్తవాలు క్లెయిమ్‌ను సమర్థించడం లేదు' అని ఒక్క వాక్యం ఉంది. ఏ వాస్తవం? ఏ క్లెయిమ్? కారణాన్ని కచ్చితంగా, వివరంగా రాయాలని కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ 1979లోనే చెప్పింది. అలాంటి కాగితం వస్తే పారేయకండి, కవరు కూడా దాచండి. కవరు మీద పోస్టు తేదీ ఉంటుంది, 30 రోజుల లెక్కకు అది పనికొస్తుంది. ఆ తర్వాత ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు, వెళ్లవచ్చు, లేదా సివిల్ కోర్టుకు. ఏది కావాలో ఎంచుకునే హక్కు మీది.

తమ్ముడూ, నిన్ను ఏం అడుగుతారంటే, ఎక్కడికి వెళ్తున్నావు, కార్లో ఎవరున్నారు, ఈ క్లినిక్ పేరు నీకు ఎవరు చెప్పారు, ఏ రోజుల్లో వెళ్లావు, ఏ సామాను అందింది, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టావా. గుర్తులేనిది గుర్తులేదని చెప్పు. అందని సామాను అందిందని క్లినిక్ కోసం చెప్పకు. అబద్ధపు క్లెయిమ్‌కు 5,000 డాలర్ల దాకా జరిమానా, పైన ఆ క్లెయిమ్ విలువ అని నువ్వు నింపిన ఫారం మీదే రాసి ఉంది. క్లినిక్ వాళ్లు తమ లాయరును పంపిస్తామంటే ఒప్పుకోకు, వాళ్ల లాభం వేరు, నీ లాభం వేరు. తెలుగులో అయితేనే సరిగ్గా చెప్పగలననిపిస్తే దుబాసీ కావాలని ముందే రాతపూర్వకంగా అడుగు.

ఉత్తరంలో తేదీ వచ్చే గురువారం అన్నావు. ఆ రోజు కుదరకపోతే రేపు పొద్దున్నే ఈమెయిల్ పెట్టి ఇంకో తేదీ అడుగు, ఆ ఈమెయిల్ దాచుకో. జీతం స్లిప్పు, రైలు టికెట్టు వెంట పట్టుకెళ్లు. భోజనాల దగ్గర ఆ ఉత్తరం ఇలా తీసుకురా, ఎవరు పంపారో, ఏ పాలసీ నంబరు రాశారో ఇద్దరం కలిసి చదువుదాం.